ఎముక గడ్డ తిరగబెట్టేది ఏ కణం వల్ల? జెయింట్ సెల్ ట్యూమర్, జన్యువుల కొలతలు

జెయింట్ సెల్ ట్యూమర్ మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఒక మాట పదే పదే కనిపిస్తుంది: ఫలానా జన్యువు ఎక్కువగా పనిచేస్తున్నవాళ్లలో గడ్డ తిరగబెట్టింది, కాబట్టి ఆ జన్యువును కొలిస్తే ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్పొచ్చు అని. ఆ కొలత ఏ కణంలోంచి వచ్చిందో చూసుకోకుండా ఈ మాట నమ్మితే దారి తప్పుతాం. ఈ గడ్డలో కొట్టొచ్చినట్టు కనిపించే కణం ఒకటి, గడ్డను మళ్లీ మొలిపించే కణం ఇంకొకటి. రెండింటినీ కలిపి నూరి కొలిచిన సంఖ్యకు తిరగబెట్టడంతో సంబంధం అంటగట్టడమే ఈ రంగంలో జరుగుతున్న పెద్ద పొరపాటని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో, సరిగ్గా కొలవాలంటే ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు గడ్డ సంగతి. ఇది క్యాన్సర్ కాదు. అలాగని ఊరుకునే రకమూ కాదు. ఎముక ఎదుగుదల ఆగిపోయాక, ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య వస్తుంది. తొడ ఎముక కింది చివర, మోకాలి కింద టిబియా పై చివర కలిపితే దాదాపు సగం కేసులు మోకాలి చుట్టూనే. ఆ తర్వాత మణికట్టు దగ్గర రేడియస్, నడుము కింద త్రికాస్థి. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఎముకలో పుట్టే గడ్డల్లో ఇది సుమారు 5 శాతం. చైనా, దక్షిణ భారతదేశాల నుంచి వచ్చిన లెక్కల్లో 20 శాతం దాకా ఉంది. మన ఆర్థో వార్డుల్లో పనిచేసేవాళ్లకు ఇది అరుదైన జబ్బులా అనిపించకపోవడానికి కారణం అదే. ఊపిరితిత్తులకు పాకేది కొద్దిమందిలోనే. అసలు బాధంతా తిరగబెట్టడంతోనే. పాతికేళ్ల మనిషి మోకాలు నిలబెడదామని గడ్డను గోకి తీస్తారు. రెండేళ్లు తిరక్కుండా మళ్లీ నొప్పి, మళ్లీ ఎక్స్‌రే. ఈసారి ఎముక చివర మొత్తం కోసేసి కృత్రిమ కీలు పెట్టాల్సి రావచ్చు.

స్లైడ్ మీద చూస్తే మూడు రకాల కణాలుంటాయి. మొదటివి పేరుకు కారణమైన పెద్ద కణాలు. ఒక్కో కణంలో పదుల కొద్దీ కేంద్రకాలు, కొన్నింటిలో యాభైకి పైనే. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులకు ఇవి దగ్గరి చుట్టాలు. రెండోవి రక్తంలోంచి వచ్చిన మోనోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. ఇవే కలిసిపోయి ఆ పెద్ద కణాలవుతాయి. మూడోవి ఒకే కేంద్రకం ఉన్న స్ట్రోమల్ కణాలు. ఇవి ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టుల వంశానివి. గడ్డ కణాలంటే నిజానికి ఈ మూడో రకమే. ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్‌ను తయారుచేసి మోనోసైట్లను పెద్ద కణాలుగా మార్చేది ఇవే. స్ట్రోమల్ కణం మేస్త్రి లాంటిది, పెద్ద కణాలు అది పిలిపించుకున్న కూలీలు. ఎముకను తవ్వేది కూలీలే, కానీ వాళ్లను ఇంటికి పంపేసినంత మాత్రాన పని ఆగదు, మేస్త్రి అక్కడే ఉంటే మళ్లీ పిలిపించుకుంటాడు.

ఈ సంగతి జన్యువుల స్థాయిలో 2013లో తేలిపోయింది. ఆ ఏడాది నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 53 జెయింట్ సెల్ ట్యూమర్లను చదివితే 49 గడ్డల్లో, అంటే 92 శాతంలో, హెచ్3ఎఫ్3ఏ అనే జన్యువులో మార్పు కనిపించింది. ఒకటో క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువు హిస్టోన్ హెచ్3.3 అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే కండెల్లో ఇదో భాగం. అందులో 34వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ఎక్కువ మందిలో ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. దీన్నే జి34డబ్ల్యూ అంటారు. ల్యాబ్ రిపోర్టులో జి35డబ్ల్యూ అని ఉన్నా కంగారు పడక్కర్లేదు. మొదటి మెథియోనిన్‌ను కూడా లెక్కపెడితే అంకె ఒకటి పెరుగుతుంది, మార్పు అదే. ఈ మార్పు ఉండేది స్ట్రోమల్ కణాల్లోనే. పెద్ద కణాల్లో, మోనోసైట్లలో ఉండదు.

దాదాపు అందరిలోనూ ఉండే మార్పు కాబట్టి రోగ నిర్ధారణకు ఇది గొప్ప సాధనం. అదే కారణంగా తిరగబెడుతుందా లేదా అన్నది చెప్పడానికి పనికిరాదు. తిరగబెట్టినవాళ్లలోనూ ఉంటుంది, పూర్తిగా నయమైనవాళ్లలోనూ ఉంటుంది. అందుకే పరిశోధకులు డీఎన్ఏ నుంచి ఆర్‌ఎన్ఏ వైపు మళ్లారు. జన్యువు ఉందా లేదా అన్నది కాదు, అది ఎంత జోరుగా పనిచేస్తోంది, అంటే ఎంత ఆర్‌ఎన్ఏ రాస్తోంది అన్నదే ప్రశ్న. దాన్నే జన్యు వ్యక్తీకరణ అంటున్నాం.

జి34డబ్ల్యూ వ్యక్తీకరణను ఎలా చెడగొడుతుందో కొంతవరకు తెలుసు. 34వ స్థానానికి రెండు స్థానాల అవతల, 36లో, లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. పనిచేస్తున్న జన్యువుల మీద ఆ లైసిన్‌కు మూడు మిథైల్ గుర్తులు (చిన్న రసాయన ముద్రలు) పడాలి. ట్రిప్టోఫాన్ లావుగా అడ్డుపడేసరికి మారిన హిస్టోన్ తోక మీద ఆ గుర్తు పడటం తగ్గుతుంది. 27వ స్థానంలో జన్యువును నొక్కిపెట్టే గుర్తు పెరుగుతుంది. ఒక్కో కణంలో హెచ్3.3 రాసే ప్రతులు నాలుగు (హెచ్3ఎఫ్3ఏవి రెండు, దాని జంట జన్యువువి రెండు) ఉంటే, చెడినది ఒక్కటే. అయినా ఆ ఒక్కటీ ఎక్కడెక్కడ కూర్చుంటే అక్కడ గుర్తుల పంపకం తారుమారవుతుంది. ఫలితంగా స్ట్రోమల్ కణం ఎముక కట్టే పూర్తి స్థాయి కణంగా ఎదగకుండా మధ్యలో ఆగిపోతుంది. 2020లో క్యాన్సర్ డిస్కవరీలో వచ్చిన పనిలో క్రిస్పర్‌ (జన్యువును కోసి సరిచేసే పద్ధతి) తో ఆ ఒక్క అక్షరాన్ని సరిచేస్తే కణాల ఎదుగుదల తగ్గింది, ఎముక కణాలుగా మారే దారి మళ్లీ తెరుచుకుంది. తిరగబెట్టే శక్తి ఎక్కడుందో వెతికేవాళ్లకు ఇంతకంటే స్పష్టమైన సూచన అక్కర్లేదు.

ఇప్పుడు అచ్చైన జన్యువుల జాబితాల వైపు చూడండి. ఎంఎంపీ9, కెథెప్సిన్ కె, ట్రాప్ ప్రొటీన్‌ను రాసే ఏసీపీ5, ర్యాంక్‌ఎల్ వచ్చి అతుక్కునే ర్యాంక్. ఇవన్నీ ప్రధానంగా పెద్ద కణాల గొంతులు. గడ్డ ముక్కను మొత్తంగా నూరి ఆర్‌ఎన్ఏ తీస్తే పెద్ద కణాలు ఎక్కువున్న ముక్కలో ఇవన్నీ ఎక్కువగా, తక్కువున్న ముక్కలో తక్కువగా వస్తాయి. ఒకే గడ్డలో ఓ మూల కిక్కిరిసి ఉంటాయి, ఇంకో మూల పలచగా ఉంటాయి. అంటే మీరు కొలిచింది జన్యువు జోరును కాదు, చెంచాలో పడిన కణాల పాళ్లను. పైగా పెద్ద కణాలు ఈ గడ్డ సొత్తేమీ కాదు. పారాథైరాయిడ్ హార్మోను ఎక్కువైనప్పుడు ఎముకలో వచ్చే బ్రౌన్ ట్యూమర్‌లో ఉంటాయి, అన్యూరిస్మల్ బోన్ సిస్ట్‌లో ఉంటాయి, కాండ్రోబ్లాస్టోమాలో కూడా ఉంటాయి. ఆస్టియోక్లాస్ట్ జన్యువులను మాత్రమే చూస్తే ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. బ్రౌన్ ట్యూమర్‌కు ఆపరేషన్ అవసరం లేకుండానే, హార్మోను గ్రంథిని సరిచేస్తే ఎముక కోలుకోవచ్చు. అందుకే ఒకటి కంటే ఎక్కువ ఎముకల్లో గడ్డలున్నా, "తిరగబెట్టింది" అని రిపోర్టు వచ్చినా, ఎవరూ కత్తి పట్టకముందే రక్తంలో కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను) చూడాలి.

ఈ వాదనకు అసలైన సాక్ష్యం మందుల షాపులోనే ఉంది. డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ ర్యాంక్‌ఎల్‌ను పట్టుకుని మోనోసైట్లకు అందకుండా చేస్తుంది. 2010లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చిన రెండో దశ పరీక్షలో, లెక్కలోకి తీసుకున్న 35 మందిలో 30 మందికి మందు పనిచేసింది. పెద్ద కణాలు కనీసం 90 శాతం మాయమవడం, లేదా 25 వారాల దాకా స్కాన్‌లో గడ్డ పెరగకపోవడం అక్కడ కొలమానం. 2013 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని ఈ గడ్డకు ఆమోదించింది: ఆపరేషన్‌తో తీయలేని గడ్డలకు, తీస్తే మనిషి అవిటివాడయ్యే చోట ఉన్న గడ్డలకు. మోతాదు 120 మిల్లీగ్రాములు, చర్మం కింద, నాలుగు వారాలకోసారి. మొదటి నెలలో అదనంగా 8వ రోజు, 15వ రోజు. తోడుగా రోజూ కాల్షియం, విటమిన్ డి తప్పనిసరి. మొదలుపెట్టేముందు రక్తంలో కాల్షియం చూడాలి, పళ్లు చూపించుకోవాలి, పీకించుకోవాల్సిన పన్నుంటే ముందే పీకించేయాలి. లేకపోతే దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. ఈ గడ్డ వచ్చే వయసు పిల్లలను కనే వయసే కాబట్టి ఆడవాళ్లకు గర్భం లేదని నిర్ధారించుకోవాలి. మందు వాడినంత కాలం, ఆఖరి ఇంజెక్షన్ తర్వాత కనీసం ఐదు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి.

మందు పడ్డాక గడ్డ లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. కొన్ని వారాల్లో నొప్పి తగ్గుతుంది. ఎక్స్‌రేలో నల్లగా తొలిచినట్టున్న చోట తెల్లని అంచు కడుతుంది, లోపల కూడా ఎముక పోసుకుంటుంది. స్లైడ్ మీద పెద్ద కణాలు ఎక్కడో ఒకటీ అరా తప్ప ఉండవు. ఈ దశలో ముక్క తీసి ఆర్‌ఎన్ఏ కొలిస్తే ఏసీపీ5, కెథెప్సిన్ కె, ఎంఎంపీ9 పడిపోయి ఉంటాయి. జన్యువుల కాగితం చూస్తే గడ్డ చచ్చిపోయిందనే అనుకోవాలి. కానీ అదే ముక్కకు జి34డబ్ల్యూ యాంటీబాడీ రంగు వేస్తే కొత్తగా కట్టిన ఎముక మధ్యలో సన్నగా సాగిన కణాల కేంద్రకాలు గోధుమ రంగులో పైకి తేలతాయి. మేస్త్రి అక్కడే ఉన్నాడన్నమాట. మందు వాడినవాళ్ల గడ్డ నుంచి తీసి ల్యాబ్‌లో పెంచితే స్ట్రోమల్ కణాలు కాస్త నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉంటాయి.

ఇక ఆ స్థితిలో సర్జన్ గోకి తీయడానికి వెళ్తే జరిగేది ఇది. మందు లేనప్పుడు గడ్డ మెత్తగా, ఎర్రగా, చుట్టూ ఎముకకు తేడా తెలిసేలా ఉంటుంది. మందు తర్వాత అంచు గట్టిపడి మామూలు ఎముకలాగే చేతికి తగులుతుంది. క్యూరెట్ (గోకే పరికరం) అక్కడ ఆగిపోతుంది. ఆ గట్టి అంచులోనే జి34డబ్ల్యూ కణాలు చిక్కుకుని ఉంటాయి. ఇంజెక్షన్ ఆపిన కొన్ని నెలలకు ర్యాంక్‌ఎల్ మీద అదుపు పోతుంది, పెద్ద కణాలు మళ్లీ పుట్టుకొస్తాయి. బొలోనియాలోని రిజోలి సంస్థ 2018లో ఇచ్చిన లెక్క ఆలోచింపజేసేది. క్యూరెటేజ్, అంటే గోకి తీయడం, చేసిన 247 మందిలో ముందు డెనోసుమాబ్ తీసుకున్నవాళ్లు 25 మంది. వాళ్లలో గడ్డ తిరగబెట్టింది 60 శాతానికి, తీసుకోనివాళ్లలో 16 శాతానికి. మందు ఇచ్చేది ఎక్కువగా కష్టమైన గడ్డలకే కాబట్టి ఈ తేడా మొత్తాన్నీ మందు మీద వేయలేం. అయినా మామూలుగా గోకి తీయగలిగిన గడ్డకు అలవాటుగా ముందు డెనోసుమాబ్ ఇవ్వడం మంచిది కాదనే నేను నమ్ముతాను. త్రికాస్థి గడ్డలకు, కీలు తీసేయడం తప్ప దారిలేదనిపించే గడ్డలకు దాని అవసరం వేరు. ఒకవేళ ఇచ్చి గోకాల్సి వస్తే, మందుకు ముందు తీసిన స్కాన్‌ను ఎదురుగా పెట్టుకుని అప్పటి హద్దు దాకా బర్‌తో (వేగంగా తిరిగే తొలిచే పరికరంతో) తొలవాలి. ఇప్పుడు కనిపిస్తున్న హద్దు దగ్గర ఆగకూడదు.

పెథాలజిస్టుకు మందు సంగతి చెప్పకుండా ముక్క పంపితే ఇంకో ప్రమాదం. పెద్ద కణాలు లేవు, సన్నని కణాలున్నాయి, మధ్యలో అడ్డదిడ్డంగా కొత్త ఎముక ఉంది. ఇది ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌లా కనిపించవచ్చు. రిక్వెస్ట్ ఫారం మీద "డెనోసుమాబ్ ఇన్ని డోసులు, ఆఖరిది ఫలానా తేదీ" అని ఒక్క లైను రాస్తే కాలు తీసేసేంత పెద్ద తప్పు కూడా ఆగిపోతుంది.

తిరగబెట్టడంలో కత్తి వాటా ఎంతో చెప్పకుండా జన్యువుల మాట ఎత్తకూడదు. ఊరికే గోకి వదిలేస్తే తిరగబెట్టేది 25 నుంచి 50 శాతం దాకా. గడ్డంత వెడల్పు కిటికీ తెరిచి, గోకి, హైస్పీడ్ బర్‌తో గోడలు తొలిచి, నీటి ధారతో కడిగి, ఫీనాల్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ పూసి, బోన్ సిమెంట్ నింపితే అది 10–20 శాతం చుట్టుపక్కలకు దిగుతుంది. ఎముక చివర మొత్తం కోసి తీసేస్తే 5 శాతం లోపే. అంటే ఒకే గడ్డ, ఒకే జన్యువుల జోరు, కానీ సర్జన్ ఏం చేశాడన్న దాన్ని బట్టి ఫలితం ఎన్నో రెట్లు మారుతుంది. కిటికీ చిన్నది చేసి, ఎముక అంచు చాటున ఉన్న మూలల్ని చూడకుండా వదిలేస్తే ఏ జన్యువూ కారణం కాదు. క్యూరెటేజ్ చేసినవాళ్లను, ఎముక కోసినవాళ్లను ఒకే గంపలో వేసి "ఈ జన్యువు తిరగబెట్టేదాన్ని సూచిస్తోంది" అని తేల్చిన పత్రాన్ని అక్కడితో పక్కన పెట్టేయొచ్చు.

ఇక కొలవడం. సగం పనులు చెడిపోయేది ఆపరేషన్ థియేటర్లోనే. ఆర్‌ఎన్ఏ కోసం ముక్క తీయాల్సింది క్యూరెట్‌తో వచ్చిన మొదటి ముక్కల నుంచి. బర్ తిప్పాక వచ్చే పొడి వేడికి పాడై ఉంటుంది, ఫీనాల్, పెరాక్సైడ్ తగిలినవి దేనికీ పనికిరావు. ఎర్రగా గోధుమ రంగులో మెత్తగా ఉన్న చోటు నుంచి తీసుకోండి. పసుపుపచ్చగా ఉన్నవి ఎక్కువగా కొవ్వు మింగిన కణాలు లేదా చచ్చిన భాగం, రక్తం గూడు కట్టినవి ఖాళీ తిత్తులు. ఈ గడ్డలో రక్తం విపరీతం. చల్లని సెలైన్‌లో రెండు మూడుసార్లు గబగబా కడగాలి, లేకపోతే రక్తంలోని హీమ్ తర్వాత పీసీఆర్‌ను (జన్యు పదార్థాన్ని నకళ్లు తీసి కొలిచే పరీక్షను) అడ్డుకుంటుంది. వెంటనే లిక్విడ్ నైట్రోజన్‌లో వేయగలిగితే మేలు. అది లేని చోట ఆర్‌ఎన్ఏలేటర్ అనే, ఆర్‌ఎన్ఏను కాపాడే ద్రవం చాలు. ముక్క మందం 5 మిల్లీమీటర్లు దాటకూడదు, ముక్కకు కనీసం ఐదు రెట్లు, వీలైతే పది రెట్లు ద్రవం ఉండాలి. ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంచి తర్వాత మైనస్ 80లోకి. మందంగా వేస్తే ద్రవం లోపలికి ఇంకదు. పైపొర బాగుంటుంది, నడిమధ్య ఆర్‌ఎన్ఏ చితికిపోతుంది.

పక్కనే ఉన్న ముక్కను, అంటే అద్దంలో ప్రతిబింబంలా దానికి ఆనుకుని ఉన్నదాన్ని, ఫార్మలిన్‌లో వేయడం మరవొద్దు. ఆర్‌ఎన్ఏ తీసిన ముక్కలో పెద్ద కణాలు ఎంత శాతం, స్ట్రోమల్ కణాలు ఎంత శాతం అన్నది దాని స్లైడ్ మీదే లెక్కపెడతారు. ఈ లెక్క లేని సంఖ్యకు అర్థం లేదు. మెత్తని భాగాన్ని ఎముక ముక్కల నుంచి వేరుచేసి విడి బ్లాక్ (మైనంలో పోతపోసిన ముక్క) చేయిస్తే దానికి డీకాల్సిఫికేషనే (ఎముకలోని కాల్షియం తీసేయడమే) అక్కర్లేదు. ఎముకను మెత్తబరచడానికి వాడే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు ఆర్‌ఎన్ఏను, డీఎన్ఏను తుత్తునియలు చేస్తాయి, యాంటీబాడీ రంగును కూడా మందగింపజేస్తాయి. ఎముక ఉన్న భాగానికి తటస్థ పీహెచ్‌లో ఉన్న ఈడీటీఏ వాడాలి. రోజుల నుంచి వారాలు పడుతుంది నిజమే, కానీ ఆమ్లంలో ముంచిన బ్లాక్ నుంచి తర్వాత ఎవరూ ఏమీ రాబట్టలేరు.

ల్యాబ్‌లో 50–100 మిల్లీగ్రాముల ముక్కను లిక్విడ్ నైట్రోజన్ పోస్తూ రోట్లో పొడిచేసి 1 మిల్లీలీటర్ ట్రైజాల్‌లో (ఆర్‌ఎన్ఏను వేరుచేసే ద్రావణంలో) వేయాలి. 0.2 మిల్లీలీటర్ల క్లోరోఫామ్, 12,000 జి దగ్గర 4 డిగ్రీల్లో 15 నిమిషాలు తిప్పడం. పైన తేలిన నీటి పొరను తీసేటప్పుడు ఆశపడి మధ్య తెల్లపొర దాకా పోకూడదు, డీఎన్ఏ వచ్చేది అక్కడి నుంచే. ఎలాగూ మిగిలిన డీఎన్ఏను ముక్కలు చేసే డీఎన్ఏస్ ఎంజైమ్ వేయాలి. ఈ గడ్డ విషయంలో అది మరీ ముఖ్యం, ఎందుకంటే హెచ్3ఎఫ్3ఏకు జన్యుపటంలో చాలా నకళ్లు, పనిచేయని సూడోజీన్లు, ఉన్నాయి. డీఎన్ఏ మిగిలితే పీసీఆర్‌లో వాడే ప్రైమర్లు (జన్యువును వెతికి అంటుకునే చిన్న ముక్కలు) వాటిని కూడా అంటుకుంటాయి. ఆర్‌ఎన్ఏను డీఎన్ఏగా మార్చే ఎంజైమ్, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, వేయని కంట్రోల్ ట్యూబ్ ప్రతి శాంపిల్‌కూ పెట్టాలి. అందులో కూడా సిగ్నల్ వస్తే ఆ శాంపిల్ ఫలితం చెల్లదు. శుద్ధతను చెప్పే 260/280 నిష్పత్తి 2.0 చుట్టూ ఉండాలి, ఆర్‌ఎన్ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే ఆర్‌ఐఎన్ 7 పైన ఉంటే నిశ్చింత. పాత పారఫిన్ బ్లాకుల నుంచి తీసినదానికి ఆర్‌ఐఎన్ చూసి లాభం లేదు, డీవీ200 (200 అక్షరాల కంటే పొడవైన ఆర్‌ఎన్ఏ ముక్కల శాతం) చూడాలి. అది 30 శాతం లోపుంటే వదిలేయడం మంచిది.

క్యూపీసీఆర్‌లో (ఆర్‌ఎన్ఏ మోతాదును కొలిచే పీసీఆర్‌లో) అందరూ అలవాటుగా జీఏపీడీహెచ్ అనే జన్యువును పోలికకు ఆధారంగా పెట్టుకుంటారు. ఆక్సిజన్ తగ్గితే జీఏపీడీహెచ్ మారిపోతుంది, రక్తం గూడు కట్టిన గడ్డలో ఆక్సిజన్ ఎక్కడ ఎంతుందో తెలియదు. రెండు మూడు ఆధార జన్యువులను పరీక్షించి, మీ శాంపిళ్లలో నిలకడగా ఉన్నవాటి సగటు తీసుకోండి. డెల్టా డెల్టా సీటీ లెక్క (సీటీ అంటే సిగ్నల్ కనిపించే పీసీఆర్ చక్రం సంఖ్య, స్కాన్ కాదు) వేసేముందు ప్రతి ప్రైమర్ జత సామర్థ్యం 90–110 శాతం మధ్య ఉందో లేదో పలచన వరుసతో చూసుకోవాలి. సీటీ 35 దాటిన సంఖ్యల మీద కథ అల్లకూడదు.

ఇంత చేసినా కణాల పాళ్ల చిక్కు మిగిలే ఉంటుంది. దీనికి ఈ గడ్డ మనకో వరం ఇచ్చింది. చెడిన అక్షరం హెచ్3ఎఫ్3ఏ ఆర్‌ఎన్ఏలో కూడా ఉంటుంది. ఆర్‌ఎన్ఏ సీక్వెన్సింగ్ చేస్తే ఆ చోటును దాటిన రీడ్లలో (యంత్రం చదివిన ముక్కల్లో) ఎన్నింటిలో జి బదులు టి ఉందో లెక్కపెట్టొచ్చు. హెచ్3ఎఫ్3ఏ రెండు ప్రతుల్లో ఒకటే చెడింది కాబట్టి ఆ శాతాన్ని రెట్టింపు చేస్తే మీ ముక్కలో గడ్డ కణాల వాటా ఉజ్జాయింపుగా తెలుస్తుంది. టి రీడ్లు 20 శాతం ఉంటే గడ్డ కణాల వాటా సుమారు 40 శాతం. అన్ని రకాల కణాలూ ఈ జన్యువును ఒకే జోరుతో రాస్తాయన్న ఊహ ఇందులో ఉంది, అది గుర్తుంచుకుని వాడుకోవాలి. మిగతా జన్యువుల సంఖ్యలను ఈ వాటాతో సరిచూస్తే, తిరగబెట్టడానికి గుర్తులుగా చెప్పినవాటిలో ఆస్టియోక్లాస్ట్ జన్యువులు ఎంతవరకు నిలబడతాయో తేలుతుంది.

కణాలను విడదీసి కొలవడం ఇంకా మంచి దారి. సీడీ45, సీడీ14 అనే రక్తకణాల గుర్తులను పట్టుకునే పూసలతో రక్త వంశపు కణాలను తీసేస్తే స్ట్రోమల్ కణాలు మిగులుతాయి. కల్చర్‌లో పెంచితే కొన్ని పాసేజీల్లో (కొత్త పాత్రలోకి మార్చిన విడతల్లో) పెద్ద కణాలు వాటంతటవే పోతాయి. కానీ మామూలు ఫైబ్రోబ్లాస్టులు గడ్డ కణాలను మించి పెరిగే అవకాశం ఉంది, అందుకని ప్రతి దశలో జి34డబ్ల్యూ శాతం చూస్తూ ఉండాలి. సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ (ఒక్కో కణాన్నీ విడిగా చదవడం) అన్నీ తేల్చేస్తుందనుకునేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. ఒక్కో కణాన్నీ ఒక్కో చుక్కలో బంధించే పరికరంలోకి పంపేముందు కణాలను 40 మైక్రాన్ల జల్లెడ పడతారు. ఈ గడ్డలోని పెద్ద కణాలు చాలావరకు అంతకంటే పెద్దవి, జల్లెడ మీదే ఉండిపోతాయి. కేంద్రకాలను విడదీసి చదివితే వాటి ఆర్‌ఎన్ఏ దొరుకుతుంది గానీ ఏ కేంద్రకం ఏ కణానిదో తెలియదు. తిరగబెట్టడం మీద ప్రశ్న అయితే ఇది పెద్ద నష్టం కాదు, మనకు కావలసింది స్ట్రోమల్ కణాలే.

లెక్కల దగ్గర జరిగే తప్పు ఒకటుంది, అది చాలా మామూలు తప్పు. 60 మందిని తీసుకుని 15 శాతానికి తిరగబెట్టిందంటే తొమ్మిది మంది. 20,000 జన్యువులను పరీక్షించి 0.05 గీత పెట్టుకుంటే ఏ సంబంధం లేకపోయినా వెయ్యి జన్యువులు ఆ గీత దాటతాయి. తొమ్మిది మందితో ఒక్క జన్యువును కూడా నమ్మకంగా తేల్చలేం. ఎఫ్‌డీఆర్‌తో (తప్పుగా తేలిన జన్యువుల వాటాను అదుపుచేసే లెక్కతో) సరిదిద్దాలి, వేరే ఆసుపత్రి రోగులతో సరిచూడాలి, ఆపరేషన్ రకాన్ని లెక్కలో చేర్చాలి. మొదటి గడ్డను తిరగబెట్టిన గడ్డతో పోల్చడం ఇంకో ఉచ్చు. రెండోసారి తీసిన ముక్కలో పాత గాయపు మచ్చ, సిమెంట్‌కు ఒంటి ప్రతిస్పందన, ఒక్కోసారి డెనోసుమాబ్ ప్రభావం కలిసి ఉంటాయి. అడగాల్సింది తిరగబెట్టినవాళ్ల మొదటి ముక్కకూ తిరగబెట్టనివాళ్ల మొదటి ముక్కకూ మధ్య తేడా ఏమిటని. తిరగబెట్టనివాళ్లు అనాలంటే కనీసం రెండు మూడేళ్లు చూసి ఉండాలి, ఎందుకంటే ఎక్కువ భాగం తిరగబెట్టేది ఆ లోపే.

తిరగబెట్టడానికి గుర్తులుగా చూసిన పీ63, కీ67, పీ53, వీఈజీఎఫ్ ప్రొటీన్ల మీద వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి పై కారణాలే చాలా వరకు సరిపోతాయి. ఇవాళ ఆసుపత్రిలో ఈ గడ్డ తిరగబెడుతుందని చెప్పే జన్యు వ్యక్తీకరణ పరీక్ష రొటీన్‌గా ఏదీ వాడుకలో లేదు. ఎవరైనా ప్యాకేజీ పేరుతో అమ్మజూపితే డబ్బు ఖర్చు పెట్టకండి. జి34డబ్ల్యూ యాంటీబాడీ పరీక్షకు మాత్రం పెట్టొచ్చు. గడ్డ గుర్తింపు సందేహంగా ఉన్నప్పుడు అది నిజంగా దారి చూపిస్తుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఈ గడ్డ కాదని కొట్టేయకూడదు. కొద్దిమందిలో ట్రిప్టోఫాన్ బదులు ల్యూసిన్, వాలిన్, ఆర్జినిన్ వస్తాయి, ఆ యాంటీబాడీ వాటిని పట్టుకోదు. అప్పుడు సీక్వెన్సింగ్ చేయించాలి.

ఆపరేషన్ అయినవాళ్లు మొదటి రెండేళ్లు మూణ్నాలుగు నెలలకోసారి ఆపరేషన్ చేసిన చోట ఎక్స్‌రే, డాక్టరు చెప్పిన గడువుల్లో ఛాతీ పరీక్ష మానకూడదు. సిమెంట్ చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నని నల్ల గీత, దాని బయట తెల్లని అంచు ఉంటే మామూలే. ఆ నల్ల గీత ఒక చోట వెడల్పవుతూ పోతే, తెల్లని అంచు చెరిగిపోతే ఎంఆర్‌ఐ, ఆపై బయాప్సీ. ప్రతిసారీ పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి, కొత్త ఫిల్మ్ ఒక్కటే చూస్తే ఆ గీత పెరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. మొదటి ఆపరేషన్ పారఫిన్ బ్లాకులు ఎక్కడున్నాయో కనుక్కుని, డీకాల్సిఫికేషన్ దేనితో చేశారో రిపోర్టు మీద రాయించుకోండి. రెండో చోట చూపించుకోవాల్సి వస్తే పెథాలజిస్టు మొదట అడిగేది వాటినే.